ఒడ్డుకు రావలసిన వాటా

పాపికొండలు చూడటానికి గండిపోచమ్మ రేవులో బోటెక్కినవాళ్లకు ఆ రోజంతా దాదాపుగా నీటిమీదే గడిచిపోతుంది. పొద్దుటి ఫలహారం బోటులోనే, మధ్యాహ్నం భోజనమూ బోటులోనే. పైఅంతస్తులో పాటలు, పిల్లల గంతులు, కొండ మలుపు తిరిగినప్పుడల్లా ఫోటోలు. దారిలో గట్టుమీద కాలు పెట్టి నాలుగడుగులు నడిచే ముఖ్యమైన చోటు పేరంటాలపల్లి. అక్కడ బోటు ఆగేది గంటసేపు, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఆ గంటలోనే ఇసుకలో దిగి, మెట్లెక్కి, చెట్ల నీడన ఉన్న శివాలయంలో దణ్ణం పెట్టుకుని, కొండమీంచి దిగి వచ్చే వాగు నీటితో మొహం కడుక్కుని, అక్కడి గిరిజనులైన కొండరెడ్లు పరిచిపెట్టుకున్న వెదురు పూలగుత్తుల దగ్గర కాసేపు బేరమాడి, సరంగు హారన్ కొట్టేలోగా తిరిగి బోటెక్కాలి. ఇవాళ మాట్లాడదలచింది ఆ గంట గురించి. నదిమీద, సముద్రంమీద జరిగే విహారంలో మనం డబ్బిచ్చి చూడటానికి వెళ్లేది ఒడ్డునే. కొండలూ ఊళ్లూ లేకపోతే ఆ ప్రయాణానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. అయినా ఆ టిక్కెట్టు డబ్బులో ఒడ్డున బతికేవాళ్లకు వాటా అంటూ ఏమీ రాసిపెట్టి లేదు. బేరంలో దొరికినంతే వాళ్లకు దొరుకుతోంది. ఇది మారాలి, వాటా టిక్కెట్టులోనే ఉండాలి, దాన్ని ఎలా వాడుకోవాలో నిర్ణయించే హక్కు ఆ పల్లెల గ్రామసభకు ఉండాలి అని నా వాదన.

ఒడ్డును చూపించి, ఒడ్డుకు వాటా ఇవ్వని ఇలాంటి ఏర్పాటు ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ఎత్తున నడుస్తున్నది కరీబియన్ సముద్రంలో. అమెరికాలోని ఫ్లోరిడా తీరం నుంచి బయల్దేరే విహారనౌకలు ఒక్కో రోజు ఒక్కో దీవి రేవులో ఆగుతూ వారం తిరిగేసరికి మళ్లీ బయల్దేరిన చోటికే చేరతాయి. 2024 జనవరిలో నీళ్లమీదికి వచ్చిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ ఒక్కదాంట్లోనే ఏడువేలమందికి పైగా ప్రయాణికులు పడతారు. మన కోనసీమలో ఒక పెద్ద పంచాయతీ జనమంతా ఒకే ఓడలో వచ్చి దిగారని అనుకోండి. పొద్దున దిగుతారు, సాయంత్రానికి ఓడెక్కేస్తారు. రాత్రి ఊళ్లో ఉండరు కాబట్టి హోటలు గదికి పని లేదు. భోజనం ఓడ టిక్కెట్టులోనే ఉంది కాబట్టి మధ్యాహ్నం కూడా చాలామంది ఓడకే వెళ్లి తిని వస్తారు. దీవి చుట్టూ తిప్పి చూపించే యాత్రలు సైతం ఓడలోనే ముందుగా అమ్ముతారు, అందులో ఓడ కంపెనీ తన భాగం తీసుకున్నాకే దీవిలో బండి తోలేవాడికి మిగిలింది అందుతుంది. ఇంకో అడుగు ముందుకు వేసి కంపెనీలు సొంత తీరాలే ఏర్పరచుకున్నాయి. హైతీ ఉత్తరతీరంలో లబాదీ అనే చోటును ఒక కంపెనీ 1980లలోనే కౌలుకు తీసుకుని కంచె వేయించింది. బహామాస్‌లో ఒక చిన్న దీవిని నీటి ఆటస్థలంగా మార్చి 2019లో తెరిచారు. అలాంటి చోట ప్రయాణికుడు ఒడ్డు దిగినా కంపెనీ ఆవరణ దాటడు. తీరం ఆ దేశానిదే, దానిమీద పుట్టే రూపాయి మాత్రం ఓడలో వచ్చి ఓడలోనే వెళ్లిపోతుంది.

ఏడువేలమందిని మోసే నౌకకూ, వందమంది కూడా ఎక్కని గోదావరి బోటుకూ పోలికేమిటని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పరిమాణంలో ఏ పోలికా లేదు, మన బోటు యజమానులను ఆ కంపెనీల పక్కన నిలబెట్టడం అన్యాయం కూడా. వీళ్లలో ఎక్కువమంది ఈ నది పక్కనే పుట్టి పెరిగినవాళ్లు. పోలిక ఉన్నది ఏర్పాటులో. తిండి, వినోదం, ప్రయాణం అన్నీ కలిపి ఒకే టిక్కెట్టుగా బయల్దేరేచోటే అమ్మడం, దిగే ఊరితో ఏ ఒప్పందమూ లేకపోవడం, అక్కడ గడిపే సమయాన్ని బోటు తిరుగుప్రయాణపు లెక్కే నిర్ణయించడం, ఈ మూడూ ఉన్నచోట సముద్రమైనా నది అయినా ఫలితం ఒకేలా ఉంటుంది. డబ్బంతా బయల్దేరిన రేవులోనే ఆగిపోతుంది. చూసిన ఊరికి మిగిలేది జనం వదిలేసి వెళ్లిన ప్లాస్టిక్ సీసాలు, నాలుగు చిల్లర బేరాలు.

ఇంతకీ పాపికొండల్లో మనం చూస్తున్నది ఏమిటి? రాజమహేంద్రవరం దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకుని పారే గోదావరి, ఆ కొండల మధ్య ఇరుకు సందులోంచి ఒదిగి వస్తుంది. రెండుపక్కలా నీటి అంచు దాకా దిగిన అడవి. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. మనం దాన్ని ప్రకృతి అంటాం. నిజమే, కానీ మనుషులు లేని ప్రకృతి కాదు. ఆ వాలుల్లో పోడు కొట్టుకుని, వెదురు నరికి, చింతపండూ తేనే ఏరుకుని, నాటుపడవల్లో సంతకు వెళ్లివచ్చే కొండరెడ్లు తరతరాలుగా అక్కడ ఉన్నారు. మిగతా గిరిజనులకంటే కూడా వెనకబడిన సమూహాల జాబితాలో ప్రభుత్వమే వాళ్లను చేర్చింది. పేరంటాలపల్లిలో మనం చూసే ఆశ్రమాన్ని దాదాపు శతాబ్దం కిందట బాలానంద స్వామి ఈ గిరిజనుల మధ్యకు వచ్చి నెలకొల్పారు. దాని పేరు శ్రీరామకృష్ణ మునివాటం. ఆ ఆవరణ అంత శుభ్రంగా, అంత ప్రశాంతంగా ఉందంటే ఊరివాళ్ల చేతులు పడుతున్నాయి కాబట్టే ఉంది. ఇంకొక సంగతి. ఆ ఊరున్న వేలేరుపాడు మండలం 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. తరువాత పశ్చిమగోదావరిలోకి వచ్చింది. 2022లో ఏలూరు జిల్లాకు మారింది. ఊరు ఉన్నచోటే ఉంది, అర్జీ పట్టుకుని వెళ్లవలసిన కలెక్టరాఫీసు మాత్రం మారుతూ వచ్చింది. ఇలా చేతులు మారిన ఒడ్డు తరఫున గట్టిగా అడిగేవాళ్లు ఎవరూ మిగలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒడ్డుకు వాటా అనడం దయాధర్మం కింద కాదు. ఒడ్డు చేస్తున్న పని ఒకటుంది, దానికి జీతం ఎవరూ ఇవ్వడం లేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ బోటు మునిగిపోయింది. నదిలో ఆ రోజు ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతోంది. కచ్చులూరు మందం అని సరంగులు భయంగా చెప్పుకునే సుడుల చోటు అది. బోటులో ఉన్న 77 మందిలో 26 మంది బతికారు. వాళ్లను బతికించింది ఎవరు? రాజమహేంద్రవరం నుంచో కాకినాడ నుంచో సహాయక దళాలు చేరేలోపు ఆ ప్రవాహంలో మనిషి నిలవడం అసాధ్యం. కేకలు విని నాటుపడవలు వేసుకుని వెళ్లి, నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను లాగి ఒడ్డున పడేసింది పక్క పల్లెల గిరిజనులు. నది లోతుల్లోంచి ఆ బోటును బయటికి తీయడానికి మునిగిన బోట్లను వెలికితీసే ధర్మాడి సత్యం బృందానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అంటే యంత్రాలూ తాళ్లూ పెట్టుకుని నెలకు పైగా శ్రమపడితే గానీ ఆ నది ఒక బోటును వదిలిపెట్టలేదు. అదే నది దగ్గర్నుంచి 26 ప్రాణాలను ఒడ్డువాళ్లు నిమిషాల్లో వెనక్కి తెచ్చారు. ఆ తరువాత ప్రభుత్వం బోట్లు నడిచే రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టింది, అనుమతుల నిబంధనలు బిగించింది. అవి కావలసినవే. అయితే కంట్రోల్ రూము రేవు దగ్గర ఉంటుంది, ప్రమాదం రెండు రేవుల మధ్య జరుగుతుంది. ఆ నడిమి దూరానికి కాపలా ఒడ్డున ఉన్న పల్లెలే. ఊరికి రెండు మంచి పడవలు, కొన్ని తాళ్లు, లైఫ్ జాకెట్లు ఇచ్చి, ఈత తెలిసిన యువకులకు శిక్షణ ఇచ్చి, బోట్లు తిరిగే నెలల్లో వాళ్లకు కూలి కట్టి ఇస్తే, ప్రయాణికుడి భద్రతకు అంతకు మించిన సార్థకమైన ఖర్చు మరొకటి ఉండదు. ఆ ఖర్చును ప్రయాణికుడి టిక్కెట్టులోంచే తీయడంలో న్యాయం ఉంది.

ఈ నదిమీద ప్రమాదం విహారయాత్రలకే పరిమితం కాదన్నది కూడా మరచిపోకూడదు. 2018 మే 15న మంటూరు దగ్గర మునిగిన లాంచీలో ఉన్నవాళ్లు విహారానికి వచ్చినవాళ్లు కారు. కొండమొదలు వైపునుంచి తమ పనులమీద వస్తున్న గిరిజనులు. అదే నీళ్లమీద మనది సరదా ప్రయాణం, వాళ్లది తప్పని ప్రయాణం. రోడ్డు లేని ఊళ్లవాళ్లకు బస్సూ, అంబులెన్సూ అన్నీ లాంచీయే. విహారం బోట్లకోసం కొన్న రక్షణ సామగ్రి ఊరి చేతిలో ఉంటే అది వాళ్ల ప్రాణాలకూ అక్కరకు వస్తుంది.

ఒడ్డువాళ్లకు ఇప్పుడు మాత్రం లాభం లేదా, బోటు ఆగబట్టే కదా వెదురు బొమ్మలు అమ్ముడవుతున్నాయి అని కొందరంటారు. అమ్ముడవుతున్నాయి. ఎలా అమ్ముడవుతున్నాయో చూడాలి. అడవిలోంచి వెదురు తెచ్చి, చీల్చి, పలచని ఈనెలుగా గీసి, పువ్వులా వంచి, ఆరబెట్టి, రంగు అద్దిన మనిషికి, హారన్ మోగుతుండగా అటునుంచి ఇటు పరుగెత్తే కొనుగోలుదారుతో బేరం ఆడే సత్తువ ఉండదు. గంట గడిస్తే మళ్లీ బోటు వచ్చేదాకా కొనేవాడు లేడు. గడియారం కొనేవాడి పక్షాన ఉన్నచోట ధర ఎప్పుడూ కిందికే దిగుతుంది. ఇదే గోదావరి జిల్లాల్లో దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఉంది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండమీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ పరిచి రేకు తీసే ఆడవాళ్ల దగ్గరికి కొనేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ ఆడవాళ్ల శ్రమకు తగిన ప్రతిఫలం పూర్తిగా అందుతోందని అనను, అది వేరే చర్చ. కానీ సరుకుకు ఊరి పేరుంది, ఊరికి దారి ఉంది, కొనేవాడు తన తీరికతో వస్తాడు. కడియం నర్సరీలదీ అదే కథ, మొక్క కావలసినవాడు తోటల మధ్య సగం పూట తిరిగి కొనుక్కుని వెళతాడు. పేరంటాలపల్లి వెదురు పనికి నైపుణ్యంలో లోటేమీ లేదు. లోటు సమయంలో ఉంది, పేరులో ఉంది. తయారుచేసే చోటు చూపించి, చేసే పద్ధతి వివరించి, ధర ముందే రాసి పెట్టుకునేంత వ్యవధి ఇస్తే ఆ పూలగుత్తి విలువ కొనేవాడికే తెలిసివస్తుంది. అటవీహక్కుల చట్టం 2006లోనే వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా లెక్కించి దానిమీద గిరిజనుల హక్కును ఒప్పుకుంది. ముడిసరుకుమీద హక్కు ఉన్నవాడికి అమ్ముకునే వ్యవధి లేకపోతే ఆ హక్కు సగమే అందినట్టు.

బోటు యజమానుల అభ్యంతరం ఇంతకంటే బరువైనది. 2019 ప్రమాదం తరువాత బోట్లు చాలాకాలం రేవుల్లోనే ఆగిపోయాయి. ఆపైన కరోనా. ప్రతియేటా వరద నెలల్లో ఎలాగూ తిరగడానికి వీల్లేదు. డీజిలు, సరంగు జీతం, అనుమతుల రుసుములు, బీమా, వీటన్నిటిమీద ఇప్పుడు ఒడ్డు వాటా కూడానా అంటే ఎవరికైనా జాలి కలుగుతుంది. టిక్కెట్టు పెరిగితే జనం రావడం మానేస్తారన్న భయమూ ఉంది. దీనికి జవాబు అలస్కాలో దొరుకుతుంది. అక్కడ కూడా విహారనౌకలు వరసగా చిన్న చిన్న రేవు ఊళ్లలో ఆగుతాయి. 2006లో ఆ రాష్ట్రపు ఓటర్లు నౌకలో వచ్చే ప్రతి ప్రయాణికుడిమీదా 46 డాలర్ల పన్ను వేయాలని ఓటింగులో తేల్చారు. కంపెనీలు కోర్టుకెళ్లాయి, కొన్ని ఓడలను వేరే సముద్రాలకు మళ్లించాయి. 2010లో ప్రభుత్వం దిగివచ్చి పన్నును 34 డాలర్ల 50 సెంట్లకు తగ్గించింది. ఆ వెనకడుగును నేను దాచదలచుకోలేదు, అందులో మనకు పనికొచ్చే హెచ్చరిక ఉంది. కానీ పన్ను రద్దు కాలేదు. నౌక మొదట ఆగే ఏడు రేవులకు ఒక్కోదానికి మనిషికి 5 డాలర్ల చొప్పున పంచే పద్ధతీ నిలబడింది. జనం రావడం మానారా? 2023లో జూనో అనే ఒక్క రేవు ఊరికే 16 లక్షలమందికి పైగా ఓడ ప్రయాణికులు వచ్చారు. చూడదగ్గ ఒడ్డు ఉన్నంతకాలం, దానికి ఇచ్చే చిన్న మొత్తం చూసి ఎవరూ ప్రయాణం మానుకోరని ఆ అనుభవం చెబుతోంది. మన విషయానికి వస్తే, ఒక మాటకు లెక్క వేసుకుందాం. వెయ్యి రూపాయల టిక్కెట్టులో ఏభై రూపాయలు ఒడ్డుకని పక్కన పెడితే, ఎనభైమందితో వెళ్లిన బోటు ఒక్క ప్రయాణానికి నాలుగువేలు ఇచ్చినట్టు. ఏభై రూపాయలు ప్రయాణికుడికి రాజమహేంద్రవరంలో రెండు కాఫీల ఖర్చు. నీళ్లు తగ్గిన నెలల్లో రోజూ కొన్ని బోట్లు తిరిగితే అది ఒక చిన్న పల్లెకు ఎంత పెద్ద ఆసరా అవుతుందో చెప్పనక్కరలేదు. ఈ భారం యజమాని లాభంలోంచి కాదు, ప్రయాణికుడి దగ్గర్నుంచి వసూలు కావాలి. టిక్కెట్టుమీద అది విడిగా అచ్చవ్వాలి, ఎవరికి వెళుతోందో చదివేవాడికి తెలియాలి.

అయితే ఈ వాటా నది మొత్తానికి ఒకేలా ఉండాలి. ఇక్కడే కరీబియన్ అనుభవం మనకు పాఠం. 1999లో గ్రెనడా అనే చిన్న దేశం, చెత్త తొలగింపుకోసం ప్రయాణికుడికి ఒకటిన్నర డాలరు రుసుము అడిగితే ఒక పెద్ద నౌకా కంపెనీ ఆ రేవుకు రావడమే మానేసింది. పక్క దీవి ఉండగా ఈ దీవితో పనేమిటన్నది వాళ్ల ధీమా. దీవికి దీవిని పోటీ పెట్టగలిగినంత కాలం ఏ దీవీ నోరెత్తలేదు. గోదావరిమీద విహారం రెండు చివరల నుంచీ నడుస్తోంది. కిందినుంచి గండిపోచమ్మ రేవు, పైనుంచి భద్రాచలం మీదుగా వచ్చేవాళ్లకు పోచవరం రేవు. ఒక రేవులో వాటా ఉండి ఇంకో రేవులో లేకపోతే గిరాకీ అటు మళ్లుతుంది, రేపు ఒక ఊరు అడిగితే బోటు ఇంకో ఊళ్లో ఆగుతుంది. జిల్లా సరిహద్దులు ఎలా మారినా నది ఒక్కటే కనుక నిబంధనా ఒక్కటే కావాలి. దాన్ని ఏ పంచాయతీ ఒంటరిగా తేలేదు, రాష్ట్ర ప్రభుత్వమే తేవాలి.

చట్టంలో దీనికి పునాది లేదని ఎవరూ అనలేరు. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. ఆ చట్టం చిన్న నీటివనరుల యాజమాన్యం స్థానికులకిచ్చింది, గోదావరిని చిన్న నీటివనరు అనడానికి లేదు, నిజమే. కానీ బోటు ఆగే ఒడ్డు, దుకాణం పెట్టే నేల, వెదురు దొరికే అడవి, తమ ఆచారాలను కాపాడుకునే అధికారం, ఇవన్నీ గ్రామసభ మాటకు విలువ ఉన్న విషయాలే. ఇంతకంటే సూటిగా ఉన్నది 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. ఆ కేసు మన ఏజెన్సీలోనే, అనంతగిరి ప్రాంతపు గనుల తగాదాలో పుట్టింది. గిరిజన ప్రాంతంలో సంపాదించే లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు బడులకూ ఆస్పత్రులకూ రోడ్లకూ శాశ్వత నిధిగా పెట్టాలని ఆ తీర్పు చెప్పింది. అది గనుల గురించి చెప్పిన మాట. గనిలో రాయి తవ్వి తీసుకుపోతారు, విహారంలో కొండ ఎక్కడిదక్కడే ఉంటుంది కదా అనవచ్చు. కొండ ఉంటుంది. కానీ కొండను చూపించి సంపాదించడం కూడా ఆ నేల పేరుమీద సంపాదించడమే. లాభంలో ఇరవై శాతం న్యాయమన్నచోట వెయ్యికి ఏభై చొప్పున టిక్కెట్టులో ఐదు శాతం అడగడం పెద్ద కోరిక కాదు.

అన్నిటికంటే ఆలోచించవలసిన అభ్యంతరం, కొండరెడ్ల మేలు కోరేవాళ్లనుంచే వస్తుంది. ఒడ్డున జనాన్ని ఎక్కువసేపు ఉంచితే తాగుడు, చెత్త, కెమెరాలు, ఇళ్లలోకి తొంగిచూడటం పెరుగుతాయి, వాళ్ల బతుకు ఒక ప్రదర్శనశాల అవుతుంది, అసలు బోట్లే అక్కడ ఆగకుండా ఉంటే మేలు అంటారు. ఈ భయం ఊహించుకున్నది కాదు. ఆనందానికి వచ్చిన గుంపు, తనది కాని ఊళ్లో ఎలా ప్రవర్తిస్తుందో లోకమంతా చూస్తోంది. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ రోజుకు రెండు నౌకలకు మించి వద్దంది, అమెరికాలోని బార్ హార్బర్ ఊరు రోజుకు వెయ్యిమందికి మించి దిగకూడదని 2022లో ఓటు వేసి తేల్చింది. నా మాట కూడా అక్కడికే వస్తోంది. ఎక్కువసేపు ఆగాలా, తక్కువసేపు ఆగాలా, అసలు వద్దా అని తేల్చవలసింది బోటువాళ్లూ కారు, నాలాంటివాళ్లూ కారు, వాళ్ల మేలుకోరేవాళ్లూ కారు. ఆ ఊరే. ఇప్పుడు ఊరికి రెండే దారులున్నాయి, వచ్చినవాళ్లను భరించడం లేదా చిల్లర బేరం వదులుకోవడం. వాటా చేతిలో ఉన్న గ్రామసభకు వద్దనే శక్తి వస్తుంది. సాయంత్రం వంటలవేళ రావద్దనవచ్చు, మామిడి కొత్తల పండగనాడు రేవు మూసేయవచ్చు, మైకు ఆపి గాని గట్టు దిగవద్దనవచ్చు. ఆకలి తీరని ఊరు ఏ షరతూ పెట్టలేదు.

ఇక ఈ నదిమీదే కడుతున్న పోలవరం ప్రాజెక్టు సంగతి. పూర్తిమట్టం 45.72 మీటర్లకు నీళ్లు నిలిపితే 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ముంపులో ఉన్నట్టు లెక్క. దేవీపట్నం మండలంలో ఎన్నో ఊళ్లు కాఫర్ డ్యాము వెనక నీళ్లతోనే ఖాళీ అయ్యాయి. వేలేరుపాడు మండలమూ ముంపు జాబితాలోనిదే. మునిగిపోయే ఒడ్డుకు వాటా రాసి ఏం లాభమని అడుగుతారు. నాకు మాత్రం తొందరపడవలసిన కారణం అదే. జలాశయం నిండితే పాపికొండల మధ్య నీళ్లు లోతుగా, నిలకడగా ఉంటాయి, ఇప్పటికంటే పెద్ద బోట్లు ఎక్కువ నెలలు తిరగగలుగుతాయి. విహారం పెరుగుతుంది గాని తగ్గదు. పాత ఒడ్డు పోయినచోట కొత్త నీటి అంచు ఏర్పడుతుంది. ఆ అంచు ఎవరిది? ఇళ్లూ పొలాలూ పోడూ ఆ నీళ్లకే ఇచ్చి ఎక్కడో కాలనీలో సర్దుకున్నవాళ్లకు, ఆ నీళ్లమీద పుట్టే ఆదాయంలో ఏ హక్కూ లేకపోతే వాళ్లు రెండుసార్లు పోగొట్టుకున్నట్టు. ఇప్పుడే రాసి పెట్టకపోతే, రేపు కొత్త అంచున రిసార్టులు లేచాక ఇక్కడ ఊళ్లుండేవని గైడు చెప్పే కబురుగా మాత్రమే వాళ్లు మిగులుతారు. కాబట్టి వాటా ఊరి సర్వే నంబరుకు కాకుండా ఊరి మనుషులకు చెందాలి, వాళ్లు ఏ పునరావాస కాలనీలో ఉన్నా ఆ గ్రామసభ పేరున జమ కావాలి.

దీని అవసరం పాపికొండలతో ఆగదు. దిండి దగ్గర హౌస్‌బోట్లున్నాయి, ధవళేశ్వరం ఎగువన లంకలమీద విహార కేంద్రాల ఆలోచనలున్నాయి, రాజమహేంద్రవరంలో పుష్కర ఘాటునూ పాత హేవలాక్ వంతెననూ తీర్చిదిద్దే అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 2027 పుష్కరాలకు వచ్చే లక్షలాది జనంలో ఎంతోమంది స్నానం అయ్యాక నదిమీద ఒక పూట తిరగాలనుకుంటారు. కొత్త బోట్లు వస్తాయి, కొత్త రేవులు వస్తాయి, లైసెన్సులు కొత్తగా రాస్తారు. లైసెన్సు కాగితంలో ఇంజనుకు ఒక నిబంధన ఉంది, లైఫ్ జాకెట్టుకు ఒక నిబంధన ఉంది, ఎంతమందిని ఎక్కించాలో ఒక నిబంధన ఉంది. దిగే ఊరి గ్రామసభ రాతపూర్వక సమ్మతి, ఆ ఊళ్లో ఆగవలసిన కనీస సమయం, టిక్కెట్టులో ఆ ఊరి వాటా, ప్రమాదవేళ సాయానికి సిద్ధంగా ఉండే ఊరి పడవకు నెలకూలి, ఈ నాలుగింటినీ అదే కాగితంలో చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. పుష్కరాలకు ముందే, లైసెన్సులమీద సంతకాలు పడకముందే, జలవనరుల శాఖా పర్యాటక శాఖా గిరిజన సంక్షేమ శాఖా ఒకచోట కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ రాయాలి. రాసే బల్ల దగ్గర పేరంటాలపల్లి నుంచి ఒకరు, కచ్చులూరు నుంచి ఒకరు కూర్చుని ఉండాలి.